రెండు గీతలు

పానకాలు మాస్టారు ఆ కాగితం వంక చూసి ముక్కుతో నవ్వారు.

“మొద్దుతనానికి కూడా కంప్యూటర్ సర్టిఫికెట్ ఇస్తున్నారా డాక్టరుగారూ?”

చిలకలూరిపేట శివార్లలో ఆయన హెడ్మాస్టరుగా ఉన్న బడి అది. పక్కనే పత్తి మిల్లు. ఆ రొదలో డాక్టర్ సౌజన్యకు మాట సరిగా అందలేదు. లేచి కిటికీ మూసింది. కుర్చీ ఆయనకు ఎదురుగా జరుపుకుని, “ఏమన్నారు? మళ్లీ చెప్పండి,” అంది.

“డాక్టరుకే చెవుడు,” అని గొణిగారు మాస్టారు, పక్కనున్న నాంచారమ్మ టీచరుతో.

ఆయనది ముప్పై ఏళ్ల సర్వీసు. పిల్లలకు చదువొస్తే అది ఆయన గొప్ప. రాకపోతే వాళ్ల పుట్టుక.

అది 2004. మిరప కోతలు మొదలయ్యాయి. ఐదో తరగతి బిందుమాధవిని బడి మాన్పించి కోతలకు పంపమని వాళ్ల నాన్న యలమందయ్యకు మాస్టారు చెప్పేశారు. నాంచారమ్మ టీచరు ఊరుకోలేదు. పిల్లను గుంటూరు తీసుకెళ్లి పరీక్ష చేయించింది. ఆ రిపోర్టుతోనే డాక్టరు స్వయంగా వచ్చింది.

“చెవులు బాగున్నాయండీ,” అంది సౌజన్య, గుమ్మం దగ్గర నిలబడ్డ యలమందయ్యతో. “తలకి వైర్లు అంటించి శబ్దాలు వినిపించాం. మెదడు వాటిని ఎలా అందుకుంటుందో ఈ గీత చెబుతుంది. ‘ప’ అన్నా ‘బ’ అన్నా మీ అమ్మాయికి ఒకలాగే తోస్తోంది. మాట కాస్త ఆలస్యంగా అందుతోంది. ఎదురుగా నిలబడి నెమ్మదిగా చెబితే నేర్చుకుంటుంది.”

“మూడేళ్ల నుంచి చెప్తానే ఉన్నాం,” అన్నారు మాస్టారు. “గేదెకి చెప్పినా ఈపాటికి ఎక్కాలు ఒప్పజెప్పేది. ఏరా యలమందయ్యా, కాయలు కోయటానికి ‘ప’ ఎందుకురా, ‘బ’ ఎందుకు?”

యలమందయ్య తలగుడ్డ చేతిలో నలుపుకున్నాడు. “పిల్ల మొద్దు కాదంటున్నారు గదండీ అమ్మగారు,” అన్నాడు మెల్లగా.

“ఆవిడకేం, అంటది! రేపు పాఠం చెప్పేది ఆవిడా, నేనా?”

సౌజన్య సంచిలోంచి ఇంకో కాగితం తీసి మొదటిదాని పక్కన పెట్టింది. ఆ గీత కూడా అచ్చం అలాగే ఉంది.

“ఇది ఇంకో మొద్దుది అనుకోండి మాస్టారూ. ఏడో తరగతి రెండుసార్లు తప్పింది. వాళ్ల సారు రోజూ గోడకుర్చీ వేయించేవారు.”

మాస్టారు ముఖం వెలిగిపోయింది.

“మంచి పని చేశాడు! ఇలాంటి బుర్రకి ఈ జన్మలో పుస్తకం ఎక్కదు. కావాలంటే రాసిచ్చి సంతకం పెడతా. ఈపాటికి ఏ చేలోనో పత్తి తీస్తా ఉంటది. అవునా, కాదా?”

ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా ఆగి, “పోయిన నెల ఆ పరీక్ష చేయించుకున్నది నేనేనండీ,” అంది డాక్టర్ సౌజన్య.