నా పూచీ లేదు

“అది మధ్యలో ఆగిపోతే ఎవర్నడుగుతావే?”

అమ్మాయి ఇంకా డబ్బా తెరవనేలేదు. నా నోరు మాత్రం తెరుచుకుంది.

డబ్బాలోంచి కెమెరా తీసి, పసిబిడ్డ తలకి ఆనించినట్టు కింద అరచెయ్యి ఆనించి పట్టుకుంది.

“కంపెనీ కొట్టులో కొనలేదా?”

“గ్రే మార్కెట్‌లోనమ్మా. అందుకే చవగ్గా వచ్చింది.”

“గ్రే ఏమిటే, నల్లగా నిగనిగలాడుతుంటే?”

నవ్వింది. “రంగు కాదమ్మా. సరుకు కంపెనీదే. వేరే దేశంలో అమ్మాల్సింది, దొడ్డిదారిన ఇక్కడికొస్తుంది. కాకపోతే ఇక్కడ వారంటీ చెల్లదు. ఏమన్నా అయితే నేను చూసుకుంటానన్నాడులే, అమ్మినాయన.”

“నోటిమాటేనా! దొడ్డిదారిన వచ్చింది దొడ్డిదారినే పోతుంది. తర్వాత నా పూచీ లేదు.”

“కంపెనీకి వారంటీ లేదు, నీకు పూచీ లేదు. ఇద్దరూ బాగా కుదిరారు.”

అది నా ఊతపదం. గొడుగు లేకుండా గడప దాటితే నా పూచీ లేదు. తడిచేత్తో స్విచ్చి ముట్టుకుంటే నా పూచీ లేదు. అమ్మాయి వాళ్ల నాన్న ఓ స్నేహితుడి అప్పుకి పూచీ ఉండి ఇల్లు పోగొట్టాక, ఈ అద్దె గదుల్లోకి వస్తూ గిన్నెలతో పాటు తెచ్చుకున్న మాట.

ఇన్నాళ్లూ అమ్మాయి ఒక స్టూడియో ఆయన వెనక లైటు పట్టుకుని నిలబడింది. ఫోటోలు ఆయనవి, భుజం నొప్పి దీనిది.

ఇప్పుడు మొదటిసారి ఒక పెళ్లి ఫోటోల పని దీన్నే వెతుక్కుంటూ వచ్చింది.

“చెడగొట్టుకుంటే వచ్చెయ్. లైటు ఇక్కడే ఉంటుంది” అన్నాడట స్టూడియో ఆయన.

పెళ్లి రేపనగా, పొద్దున్నే నన్ను వంటింటి కిటికీ దగ్గర నిలబెట్టింది.

“కదలకు. వెలుతురు చూసుకోవాలి.”

“గ్యాసు కట్టేశానా?”

“కట్టేశావు.”

“ఒక్కసారి చూసొస్తా.”

“అమ్మా!”

టక్.

మళ్లీ నొక్కింది. మళ్లీ.

తెర నాకు చూపించలేదు. నేనే తొంగి చూశాను.

ఫోటోలో నేను సగమే ఉన్నాను. కళ్లున్నాయి. నోరుండాల్సిన చోటంతా నలుపు.

“నా నోరు పడలేదేమే?”

“షట్టర్ పోయిందమ్మా.”

అమ్మినాయన ఫోను మోగి మోగి ఆగిపోయింది. వెతుక్కుంటూ వెళ్తే, ఆయన కొట్టున్న చోట ఇంకెవరో చెప్పులమ్ముతున్నారు.

“మీదీ కెమెరాయేనా?” అన్నాడు చెప్పులాయన, మమ్మల్ని చూడగానే.

కంపెనీ సర్వీసు సెంటర్లో కళ్లజోడు పిల్ల కెమెరాని తిరగేసి, అడుగున నంబరు చూసి, మావైపు జరిపేసింది.

“ఇది ఇక్కడ అమ్మింది కాదండి. మేం ముట్టుకోం.”

“దాని మీద పేరు మీదే కదమ్మా?”

“పేరు మాదేనండి.”

పుట్టింటి పేరుండి కూడా పుట్టింటి గుమ్మం ఎక్కలేని ఆడపిల్లలా ఉంది కెమెరా.

‘నే చెప్పానా’ అనబోయి, అమ్మాయి ముఖం చూసి మింగేశాను. కడుపులో నిలిస్తేగా. బస్సెక్కగానే బయటికొచ్చింది.

“నే చెప్పానా?”

అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

“రేపు వాళ్లకేం చెబుతావే? పెళ్లి మళ్లీ చేసుకోమంటావా? నలుగురిలో పట్టుకుని అడిగితే? పోలీసుల దాకా వెళ్తే?”

ఫోను తీసి ఏదో వెతకడం మొదలుపెట్టింది.

“ఏదో ఒకటి అనవే. నాకు గుండె దడగా ఉంది.”

మా స్టాపు వచ్చింది. దిగలేదు. బజారు చివర దిగి గబగబా నడిచింది. నేను చెప్పులీడ్చుకుంటూ వెనకాల.

మెట్ల కింద ఇరుకు కొట్టు. కెమెరాలు అద్దెకిస్తారట.

కొట్టాయన బీరువా తెరిచి ఒకటి తీసి గాజుబల్ల మీద పెట్టాడు. పెట్టాడే గానీ, దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

“కొత్తవాళ్లకి ఊరికే ఇవ్వనమ్మా. పూచీకి ఎవరైనా ఉండాలి. పడినా పగిలినా పోయినా నేనెవర్నడగాలి?”

అమ్మాయి బల్లకేసి చూస్తోంది.

“స్టూడియో ఆయన దగ్గర లైటు పట్టేదానివి కదూ? ఆయనతో ఒక్క ఫోను చేయించు, చాలు.”

“ఆయన్ని అడగనండి.”

“మరింకెవరున్నారు?”

“ఎవరూ లేరండి.”

నేను దాని పక్కనే ఉన్నాను. దాని మోచెయ్యి నాకు తగులుతోంది.

కొట్టాయన నావైపు చూశాడు. “మరి ఈవిడ?”

“మా అమ్మ. ఇలాంటివాటికి రాదండి.”

గొంతులో కోపం లేదు. బయట వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది.

పైన ఫ్యాను కిర్రుమంటోంది. అది ఊడి కెమెరా మీద పడితే? పెళ్లి హడావిడిలో ఎవరైనా ఎత్తుకుపోతే? బస్సులో మరిచిపోతే? ఇల్లు పోయాక అద్దె గదులున్నాయి. అద్దె గదుల తర్వాత ఏముంటాయి?



కొట్టాయన కెమెరాని తనవైపు లాక్కున్నాడు. అమ్మాయి సంచీ జిప్పు వేసుకుంటోంది.

“నా పూచీ” అన్నాను.

జిప్పు సగంలో ఆగింది. మిగిలిన మాట కోసం అమ్మాయి నా నోటికేసి చూసింది.

నేను నోరు మూసుకున్నాను.