ఎత్తిన చెయ్యి

"కదలకురా బొద్దూ! పెళ్ళికొడుకులా ఉన్నావు," అంటూ కూతురు స్టూడియోలో కుక్కకి ఒళ్ళంతా దువ్వి, మెడకి ఎర్ర రిబ్బను కట్టింది.

"ఇంత సేవ నాకెవరూ చెయ్యరు," అన్నాడు తండ్రి. ఫొటోగ్రాఫరు నవ్వాడు.

"అయ్యా, మీరిలా నా వెనక నిలబడి, బిస్కెట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తండి. అది ఠీవిగా తలెత్తి చూస్తుంది."

తండ్రి చెయ్యెత్తాడు.

బొద్దు తలెత్తలేదు. చెవులు వెనక్కి వాల్చి, కళ్ళు గట్టిగా మూసుకుని నేలకి కరుచుకుపోయింది. దాని కింద తడి పరుచుకుంది.

"లైట్లకి జడిసినట్టుంది," అన్నాడు తండ్రి గబగబా.

"లైట్లు ఇందాకట్నుంచీ వెలుగుతూనే ఉన్నాయిగా నాన్నా." కూతురు అతని చేతివంక చూసింది. "నేను కాలేజీకి వెళ్ళాక దీన్ని కొడుతున్నావా?"

పరాయి మనిషి ముందు అతనికి తల కొట్టేసినట్టయింది. ఎత్తిన చెయ్యి చటుక్కున దించేశాడు.

కూతురు బిస్కెట్టు అందుకుని, కుక్కని కాసేపు నిమిరి, తనే చెయ్యెత్తింది. బొద్దు కళ్ళు తెరిచి, నిదానంగా తలెత్తి చూసింది. కెమెరా క్లిక్కుమంది.

"ముగ్గురూ కలిసి ఒకటి దిగండయ్యా," అన్నాడు ఫొటోగ్రాఫరు.

"నేను ఫొటోల్లో బాగా పడను లెండి."

తండ్రి చేతులు వెనక్కి కట్టుకుని, కుక్కకి దూరంగా, గోడవారనే బయటికి నడిచాడు.