బన్నీ బరువు

"కదలకండి. ఊపిరి కూడా గట్టిగా పీల్చకండి," అంది భువనేశ్వరి.

బరువు మిషన్ మీద నిలబడ్డ బసవేశ్వరరావు నిజంగానే ఊపిరి బిగబట్టాడు. ఆయన చేతుల్లో బన్నీ, తెల్లటి పొమరేనియన్, నాలుక బయటపెట్టి దర్జాగా వీధిలోకి చూస్తున్నాడు. భువనేశ్వరి వంగి అంకె చూసింది.

"డెబ్భై ఆరు. మీ అరవై ఎనిమిదీ తీసేస్తే ఎనిమిది. అమ్మయ్య! కిలో తగ్గాడు!"

రేపల్లెలో వాళ్లది పురుగుమందుల షాపు. ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్లాం ఇద్దరే. బన్నీ మూడోవాడు. వాణ్ణి కుక్క అన్నవాళ్లకి ఆ ఇంట్లో కాఫీ పుట్టదు.

అలాంటివాడు నెల కిందట పరుగెడుతూ పరుగెడుతూ వెనక కాలు పైకెత్తేశాడు. మూడు కాళ్ల మీద నాలుగు గెంతులు గెంతి, కాలు ఓసారి విదిలించి, మళ్లీ ఏమీ ఎరగనట్టు నడిచాడు. ముందు ఆటలనుకున్నారు. రోజూ అదే వరస అయ్యేసరికి తెనాలి తీసుకెళ్లారు. పశువుల డాక్టరు రమేష్ బాబు మోకాలి మీద బొటనవేలు పెట్టి మెల్లగా నొక్కాడు. చిప్ప పక్కకి జారింది. భువనేశ్వరి కళ్లు మూసేసుకుంది.

"చిన్న జాతి కుక్కలకి ఇది మామూలేనమ్మా. చిప్ప గాడిలో నిలవట్లేదు. ఆపరేషన్ చేయొచ్చు. కానీ వీడి గుండె చప్పుడు బాగోలేదు. మత్తివ్వాలంటే నాకే భయంగా ఉంది. తొమ్మిది కిలోలేంటమ్మా ఈ కాళ్లకి? ఆరుకి తెండి. ఆపరేషన్ లేకుండానే లాక్కొద్దాం."

బన్నీ మిషన్ మీద కుదురుగా నిలబడే రకం కాదు. బసవేశ్వరరావు ఎత్తుకుంటేనే కదలకుండా ఉంటాడు. అందుకే ఈ పద్ధతి. ఆయన బరువు మళ్లీ చూసే పని కూడా లేదు. "పెళ్లినాడెంతో ఇవాళా అంతే. అరవై ఎనిమిది. గ్రాము అటూ ఇటూ కాను," అని చుట్టాలందరి ముందూ ఆయన గొప్పలు పోతూనే ఉంటాడు.

భువనేశ్వరి నడుం బిగించింది. నున్నటి టైల్స్ మీద కాలు జారకుండా గదుల నిండా గోనెపట్టాలు పరిచింది. పైనుంచి దూకుతున్నాడని సోఫాని వరండాలోకి నెట్టించింది. పెరుగన్నం మాన్పించింది. బాపట్లలో చెల్లెలి గృహప్రవేశానికి ఆయన్ని బన్నీకి కాపలా పెట్టి ఒక్కతే వెళ్లి, భోజనం చేయగానే బస్సెక్కేసింది.

మేడ మెట్లెక్కకూడదన్నారు కాబట్టి వాణ్ణి మోసే డ్యూటీ బసవేశ్వరరావుది. సగం మెట్ల మీద ఆగి ఆయాసపడేవాడు.

"వీడు తగ్గాడంటావు గానీ, మోస్తుంటే నాకలా లేదే!"

"వాడు తగ్గాడు, మీకు బద్ధకం పెరిగింది. ఎక్కండి," అనేది.

ఒక మధ్యాహ్నం నిజాంపట్నం నుంచి వచ్చిన చందువా చేపలు వేయించి ఆయనకి వడ్డించింది. వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి కంచంలో ముక్క లేదు. బల్ల కింద బన్నీ మూతి నాక్కుంటున్నాడు.

"వాడి నోట్లో విషం పోస్తున్నారండీ మీరు!" భువనేశ్వరి కంచం లాగేసుకుంది. "రేపు వాడు మత్తులోంచి లేవకపోతే ఎవరిది బాధ్యత?"

"నాకు సయించలేదే. ఎండలు కదా. పారేయడమెందుకని ఒక్క ముక్క..."

"సాకులు చెప్పకండి!"

ఆ మర్నాడు భయపడుతూనే తూచింది. అంకె ఇంకా తగ్గింది. బసవేశ్వరరావు బతికిపోయాననుకున్నాడు.

అంకె తగ్గుతూనే ఉంది. విచిత్రం, కుంటడం తగ్గలేదు. ఇదివరకు విదిలిస్తే సర్దుకునే కాలు ఇప్పుడు పూటంతా పైకే ఉంటోంది. తగ్గాల్సింది ఇంకా ఉంది, అందుకే అనుకుని గుండె దిటవు చేసుకుంది.

మూడు నెలలు తిరిగేసరికి మిషన్ డెబ్భై నాలుగు చూపించింది.

"ఆరండీ! ఆరుకొచ్చేశాడు! ఇక ఆపరేషన్ గండం గడిచినట్టే!" భువనేశ్వరి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ సాయంత్రమే పెరట్లోంచి కెవ్వుమని అరుపు. బన్నీ పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. వెనక కాలు ముడుచుకుపోయింది. ముట్టుకుంటే ఏడుస్తున్నాడు. బసవేశ్వరరావు షాపు మూయించి కారు తీశాడు. తెనాలి దాకా భువనేశ్వరి ఒకటే జపం, "కాలు కింద పెట్టరా నాన్నా, ఒక్కసారి పెట్టరా."

రమేష్ బాబు చూస్తూనే మండిపడ్డాడు.

"బరువు తగ్గించమన్నాను కదమ్మా!"

"తగ్గించామండీ! ఇవాళ పొద్దున్నే చూశాం, ఆరు!"

డాక్టరు బన్నీని బల్ల మీది తూకంలో పడుకోబెట్టాడు. తొమ్మిదిన్నర.

"మీ మిషన్ తప్పండీ," అంది భువనేశ్వరి.

డాక్టరు అదే తూకంలో అయిదు కిలోల దాణా ప్యాకెట్ పెట్టి చూపించాడు. సరిగ్గా అయిదు.

భువనేశ్వరి గిరుక్కున మొగుడి వైపు తిరిగింది. "నాకు తెలుసు! మీ కంచంలోదంతా వీడికే పెట్టారు కదూ?"

"తినబుద్ధి కాక పెట్టానే... కానీ తగ్గుతున్నాడని మిషనే చెప్పింది కదా!" బసవేశ్వరరావు గోడకి చేరగిలబడ్డాడు.

"ఇంట్లో ఎలా తూచారమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఆయన ఎత్తుకుని నిలబడతారండి. ఆయన అరవై ఎనిమిదీ తీసేస్తాం."

రమేష్ బాబు బన్నీ మోకాలి మీంచి చెయ్యి తీశాడు. బసవేశ్వరరావుని కిందినుంచి పైదాకా చూశాడు.

"వీడి సంగతి నేను చూసుకుంటానమ్మా, ముందు సార్‌ని మంచి డాక్టరుకి చూపించండి... ఈ మూడు నెలలూ తగ్గింది ఆయన."