కొత్త వాసన

“తలుపు తీయగానే కొత్త వాసన గుప్పుమనాలి. అప్పుడే అది ఇల్లులా ఉంటుంది,” అనేది అత్తగారు.

కోడలి గదిలోకి చెక్క బీరువా వచ్చిన దగ్గర్నుంచీ ఆ వాసనే. గోడంత బీరువా. మనవరాలు పుట్టిందని ముచ్చటపడి ఆవిడే కొంది.

చంటిదాన్ని ఆ గదిలో పడుకోబెడితే చాలు, కళ్ళు నీళ్ళు కారేవి. దగ్గు తెరలు తెరలుగా వచ్చేది.

అలాంటి రోజుల్లో ఒకావిడ తలుపు తట్టింది. నెరిసిన జుట్టు, భుజాన సంచి.

“కొత్త బీరువా కొన్నారు కదమ్మా. చెక్కపొట్టుని జిగురుతో అతికించి ఆ పలకలు చేస్తారు. ఆ జిగురులోంచి కెమికల్ ఏదైనా గదిలోకి వస్తోందేమో చూడాలి. గాలి పట్టే పెట్టె పెడతాను.”

“గాలిని పట్టడమేంటమ్మా, అదేమైనా ఎలకా పట్టడానికి?” అంది అత్తగారు.

కోడలు నవ్వాపుకుని, “పెట్టించుకుందాం అత్తయ్యా. చంటిది ఎందుకు దగ్గుతోందో తెలుస్తుంది,” అంది.

ఆవిడ ఉయ్యాల పక్కన స్టూలు వేసి, దాని మీద పెట్టె పెట్టింది. చిన్న గాజు గొట్టం ఒకటి తగిలించింది.

“సాయంత్రం వస్తాను. అందాకా ఈ గది కిటికీలూ తలుపూ తెరవకండి. ఉన్నది ఉన్నట్టు తెలియాలి.”

వెళ్తూ వెళ్తూ బీరువా అంచుని చేత్తో నిమిరింది.

“ఏం, కన్నుపడిందా?” అని సాగదీసింది అత్తగారు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని గుమ్మం దాటింది.

కోడలు చంటిదాన్ని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అత్తగారు గదిలోకి తొంగి చూసింది. ఉక్కగా, ఊపిరాడనట్టుగా ఉంది. సాయంత్రం పరాయి మనిషి వచ్చి ఇది చూస్తే ఏమనుకుంటుంది? ఎంత పరువు తక్కువ!

కిటికీలు బార్లా తెరిచింది. ఫ్యాను వేసింది. నేల తుడిచింది. పనిలో పనిగా పెట్టె మీద దుమ్ము కూడా తుడిచింది. ఆవిడ వచ్చే వేళకి ఏమీ ఎరగనట్టు అన్నీ మూసేసింది.

పెట్టె తీసుకెళ్ళిన కొన్నాళ్ళకి ఆవిడ మళ్ళీ వచ్చింది. ముఖంలో సంతోషం లేదు.

“గాలిలో పెద్దగా ఏమీ లేదని తేలిందమ్మా. కానీ నాకే నమ్మకం కుదరడం లేదు. ఇంకోసారి పెట్టనివ్వండి.”

“బాగుందని తేలితే ఏడుస్తారేంటమ్మా!”

“పోనీ, ఆ బీరువా నాకిచ్చేయండి. అచ్చమైన కలపతో ఇంకోటి చేయించి పంపిస్తాను.”

అత్తగారికి అంతా అర్థమైపోయిందనిపించింది.

“అదా సంగతి! ఏ పోటీ దుకాణం వాళ్ళు పంపారు నిన్ను? బంగారంలాంటి సరుక్కి వంకలు పెట్టడానికి వచ్చావా?”

“కాదమ్మా. అసలు నేను...”

“నువ్వెవరైతే నాకేం? కదులు ముందు!”

ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. “కనీసం ఆ గది కిటికీలు ఎప్పుడూ తెరిచి ఉంచండి.”

“చూశావటే, మూయమన్న నోటితోనే తెరవమంటోంది!” అంది అత్తగారు కోడలితో.

తర్వాత కోడలు పుట్టింటికి వెళ్తే చంటిదాని దగ్గు మాయమైంది. తిరిగొచ్చిన రెండో రోజే మళ్ళీ మొదలైంది.

“ఈ గదిలోనే ఏదో ఉంది అత్తయ్యా.”

“గాలి బాగుందని ఆ పెట్టే చెప్పింది కదా! పుట్టింట్లో పోయే దగ్గు అత్తింటికి రాగానే వస్తుందా? ఆ పసిదానికి కూడా నేర్పావా, అమ్మా?”

కోడలు సామాను సర్దుకుంది. కొడుకు వేరే ఇల్లు చూసుకున్నాడు.

“బీరువా నువ్వే ఉంచుకో అమ్మా,” అన్నాడు వెళ్తూ.

మనవరాలి మీద బెంగతో అత్తగారు ఆ గదిలోనే పడుకోవడం మొదలుపెట్టింది. కళ్ళు నీళ్ళు కారుతుంటే దిగులు అనుకుంది.

తర్వాత దగ్గు వచ్చింది. తెరలు తెరలుగా.

లేచి కూర్చుంది. ఆ రోజు తెరిచిన కిటికీలు గుర్తొచ్చాయి.

గాలి పట్టే పెట్టెలు ఎక్కడుంటాయని వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ప్రయోగశాలకి వెళ్ళింది.

“నాయనా, నెరిసిన జుట్టావిడ, బీరువాలున్న ఇళ్ళకి పెట్టె పట్టుకుని వస్తుందే, ఆవిణ్ణి ఒక్కసారి పంపించు. ఈసారి కిటికీలు ముట్టుకోను. మా కోడలికి చెప్పుకోవాలి.”

అక్కడి అబ్బాయి తల దించుకున్నాడు.

“ఆవిడ ఈమధ్యే పోయారు మామ్మగారూ.”

“అయ్యో... మీ దగ్గర చాలాకాలంగా పనిచేస్తోందా?”

“మా మనిషి కాదండీ. పెట్టె మాత్రం మా దగ్గర తీసుకునేవారు.”

“మరి ఏ దుకాణం మనిషి?”

“దుకాణం కాదు మామ్మగారూ, ఆ బీరువాలు చేసిన ఫ్యాక్టరీయే ఆవిడది; దానికి తాళం వేసేసి, అమ్మినవన్నీ వెనక్కి తెచ్చుకోవడానికి ఇల్లిల్లూ తిరిగేవారు.”