గుడ్డపీలిక కట్టిన బీరకాయ

పిచ్చమ్మవ్వ పెరట్లో బీరపాదుకి కాపు ఉడిగింది. పందిరి మీద ఒక్క కాయే మిగిలింది. దాని తొడిమకి ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంది.

"నిన్ను మరిచిపోయారే పిచ్చిదానా! ముదిరి పీచెక్కావు, ఇంక కూరకి పనికిరావు. తొడిమ కొరికేస్తాను, నా కడుపైనా నింపు," అంది ఉడుత.

కాయకి ఏడుపొచ్చింది. "సరే, కొరికెయ్," అంది.

కాయలు కోసే దోటికి ఒళ్ళు మండింది. "ఆగవే! నీ తోబుట్టువులందరినీ కోసింది నేనే. నీ మెడ దాకా మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ పిచ్చమ్మవ్వ నన్ను వెనక్కి లాగింది. మరిచిపోయినవాళ్ళు గుడ్డ కడతారటే?"

కాయ తొడిమ బిగబట్టుకుంది. ఉడుత మూతి ముడుచుకుని పోయింది.

కాయ బాగా ఎండాక అవ్వ దాన్ని కోసి చెవి దగ్గర ఆడించింది. గలగలమంది. అవ్వ మొహం విప్పారింది. గింజలు బూడిదలో కలిపి, గుడ్డలో పోసి, అదే ఎర్ర పీలికతో మూటకట్టి చూరుకి వేలాడదీసింది. మిగిలిన పీచుతో దోటి కొక్కేనికి పట్టిన మట్టీ జిగురూ తోమేసింది.

మర్నాడు ఉడుత వచ్చి, ఖాళీ పందిరి చూసి నవ్వింది. "ఏదీ నీ కాయ?"

దోటి తళతళలాడే కొక్కెంతో చూరు చూపించింది.

"అదుగో, ఆ గుప్పెడు మూటలో. తొలకరి రానీ, దానికి ఈ పందిరి చాలదు."