సీరియల్ పాట

టీవీలో సీరియల్ పాట వినబడగానే కూర్మనాథం తూకంలో ఉన్న కందిపప్పు వదిలేసి, కొట్టు వెనకున్న ఇంట్లోకి పరుగెత్తాడు. తెర అడుగున అక్షరాలు పాకుతున్నాయి: "నేటితో సమాప్తం."

కుర్చీలో కూలబడ్డాడు. "ఒసే సూడామణీ, అయిపోతన్నాదే! రేపట్నించి మన గతేటి?"

ఆయన సీరియల్ పిచ్చి విజయనగరం బజారంతటికీ నవ్వులాట. తమాషా ఏమిటంటే, మూడేళ్లుగా చూస్తున్నా అందులో అత్తెవరో కోడలెవరో చెప్పలేడు. పాట అయిపోగానే మళ్లీ తక్కెడ ముందుంటాడు.

"ఎందుకండీ అంత బెంగ? ఫోన్లో అలారం పెట్టుకుందాం," అంది భార్య చూడామణి.

"అలారం మోగితే ఎందుకని పదిమందీ అడుగుతారు. సీరియలంటే నవ్వి ఊరుకుంటారు."

చూడామణి మంచినీళ్లు తెచ్చి గుప్పిట విప్పింది. హెచ్‌ఐవీ మాత్రలు. ఆయనకొకటి, ఆవిడకొకటి. ఇద్దరూ మింగారు.

"మొన్న రక్తపరీక్షలో వైరస్ కనబళ్ళేదని డాక్టరమ్మ ఎంత మెచ్చుకున్నాదీ! ఇప్పుడు మాత్ర తప్పితే మళ్లీ లేస్తాదట," అన్నాడు దిగులుగా.

అంతలో టీవీలో ప్రకటన వచ్చింది. చూడామణి ఆయన భుజం తట్టింది. "అదిగో సూడండి. రేపట్నించి ఇదే టయానికి కొత్తది వస్తాదట. ఏడుగురు కోడళ్లట."

కూర్మనాథం మొహం వెలిగిపోయింది.

"ఏడుగురా! అందరి కష్టాలూ తీరేసరికి మనం ముసిలోళ్లమైపోతామే!"