ఎర్ర పెన్సిలు గీత

"ఆ కాగితం మాత్రం స్కాన్ చెయ్యకు తల్లీ. అదంతా తప్పుల తడక," మెకానిక్ తాతయ్య గుసగుసలాడాడు.

పాత పిన్‌బాల్ మిషన్ల కాగితాలను మ్యూజియం కోసం భద్రపరుస్తున్న మనవరాలు చెయ్యి ఆపింది. అది ఒక మిషన్ వైరింగు బొమ్మ. తాతయ్య వాళ్ల బావ, ఆటల హాలు నడిపే ఆయన, దాన్ని అప్పుడే తెచ్చిచ్చి, కిటికీ దగ్గర టీ తాగుతున్నాడు.

"ఇది నీ చేతిరాతే కదా తాతయ్యా?"

"నాదే. ముప్పై ఏళ్ల కిందట బావ నకలు అడిగితే, కావాలనే ఒక వైరు తప్పు గీసిచ్చా. ఆయనే బాగుచేసుకుంటే ఇక నన్నెవరు పిలుస్తారు?"

మనవరాలు నవ్వాపుకుంటూ కాగితం దీపం కిందికి జరిపింది. తప్పు వైరును ఎవరో ఎర్ర పెన్సిలుతో కొట్టేసి, పక్కనే సరైనది గీశారు. కింద తేదీ ఉంది. పైన తాతయ్య నకలు ఇస్తూ వేసిన తేదీకి మూడో రోజే!

తాతయ్య కళ్లజోడు సవరించుకుని మరీ చూశాడు. "బావా, దీన్ని దిద్దిందెవరు?"

"నేనే," అన్నాడు బావ తాపీగా.

"మరి ప్రతి ఆదివారం మిషన్ ఆగిపోయిందని నన్నెందుకు పిలిచేవాడివి?"

"ఫ్యూజు నేనే పీకేవాణ్ణి. బాగానే నడుస్తోందంటే నువ్వొస్తావా? ఒక్కణ్ణే ఎంతసేపని ఆడను?"

తాతయ్య పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు.

"స్కాన్ చెయ్యి తల్లీ. ఆ ఎర్ర గీత స్పష్టంగా పడాలి."

"నువ్వెక్కడికి?"

"ఇవాళ ఆదివారం కదే. మిషన్ ఆగిపోయి ఉంటుంది."

బావ జేబు తడుముకున్నాడు. ఫ్యూజు భద్రంగానే ఉంది.